పొట్ట తాళ్ల సరస్సు

మొదటి గంటలోనే ఇరవై మూడు రకాల పక్షులను రాసుకున్నాను. నోటుపుస్తకంలో అయిదు గడులు గీసుకున్నాను: సమయం, పేరు, ఎన్ని, ఏం చేస్తున్నాయి, మన దగ్గర ఉందా. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి జనరేటర్ల దగ్గర పని చేసేవాడికి లాగ్‌బుక్కు రాయడం అలవాటు. జనరేటరు ఎన్ని గంటలు నడిచింది, ఆయిల్ ఎంత ఉంది అని రాసే చెయ్యే ఆ పొద్దున ‘గూడబాతులు, పదిహేడు, నీళ్ల మీద వరసగా’ అని రాసింది.

అది టాంజానియా దక్షిణాన అడవి మధ్యలో ఉన్న సరస్సు. నా ఉద్యోగం దార్ ఎస్ సలామ్‌లో. సరస్సు ఒడ్డున పర్యాటకుల కోసం గుడారాల క్యాంపు ఒకటి ఉంది. వాళ్ల సోలార్ బ్యాటరీలు తెల్లారేదాకా నిలవడం లేదని కంపెనీ నన్ను పంపింది. మూడు రోజుల్లో పని అయిపోయింది. తిరిగి వెళ్లే చిన్న విమానం నాలుగో రోజు సాయంత్రం. ఆ ఖాళీ పూట క్యాంపు వాళ్లు నన్ను పడవ ఎక్కించారు. వేరేవాళ్లు ఏళ్ల తరబడి అనుకుని వచ్చే సఫారీ నాకు బ్యాటరీలతో పాటు వచ్చింది.

పడవ నడిపే గైడు ఆ ప్రాంతం వాడే. నా కన్నా పదేళ్లు పెద్ద. దూరంగా చుక్కలా కనిపించే పక్షి పేరు కూడా ఎగిరే తీరును బట్టి చెప్పేవాడు. నీటి గుర్రాల గుంపు దగ్గరికి వచ్చినప్పుడల్లా తెడ్డుతో పడవ అంచు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. మేము వస్తున్నామని వాటికి తెలియాలట. చప్పుడు చేయకుండా పోతేనే ప్రమాదమట. నీళ్ల మీద చెవులు మాత్రమే కనిపించేవి. అవి గిర్రున తిరిగి, నీళ్లు చిమ్మి, మళ్లీ మా వైపు నిలిచేవి. నేను చెవులు లెక్కపెట్టి రెండుతో భాగించాను. ఒకసారి బేసి సంఖ్య వచ్చింది. గైడుకు చెబితే, ఒకదాని చెవిని మొసలి తీసుకుపోయి ఉంటుందని ఏ మాత్రం నవ్వకుండా అన్నాడు. అది వేళాకోళమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

నలుపు తెలుపు లకుముకి పిట్ట గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, రాయిలా నీళ్లలో పడింది. అయిదో గడిలో ‘ఉంది, వెల్గటూర్ దగ్గర గోదావరి మీద’ అని రాశాను. తెల్ల తల గద్ద ఒకటి ఎండిన మొద్దు మీద కూర్చుని తల వెనక్కి వాల్చి అరిచింది. దానికి ‘లేదు’. పచ్చ ముక్కు కొంగకు ‘లేదు, కాని చుట్టం ఉంది’. ఒడ్డున మట్టిగోడలో తేనెటీగలను తినే పిట్టల బొరియలు ఉన్నాయి. అడ్డం పద్నాలుగు, నిలువు తొమ్మిది, మధ్యలో కొన్ని ఖాళీలు. సుమారు నూట పది ఇళ్లు.

గైడు నా పుస్తకంలోకి వంగి చూసి, ఆఖరి గడి ఏమిటని అడిగాడు. చెప్పాను.

“వచ్చినవాళ్లందరూ ఇక్కడ ఏముందో రాసుకుంటారు. నువ్వు మీ ఊళ్లో ఏముందో రాసుకుంటున్నావు,” అన్నాడు.

నిజానికి ఆ సరస్సు దగ్గర నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నవి పక్షులు కావు. ఒడ్డు పొడవునా తాటిచెట్లు, మా మాటలో తాళ్లు. కొన్ని నీళ్లలోనే నిలబడి చనిపోయి, తలలు రాలి, స్తంభాల్లా మిగిలాయి. వాటి మీద గద్దలు. బతికినవాటి ఆకుల కింద తాటి పిట్టలు, అచ్చం మన ఊళ్లో తిరిగే తీరుగానే. ఒక్కదానికీ కల్లు లొట్టి కట్టిన గుర్తు లేదు. మాది కల్లు గీసే ఇల్లు. మల్లాపూర్ పక్కన ఊరు. మా అన్న పదిహేనో ఏట మొదటి చెట్టు ఎక్కాడు. గీయని తాటివనం నేను పుట్టాక చూడలేదు. ఏనుగు ఒకటి వచ్చి, నుదురు చెట్టుకు ఆనించి, ముందుకూ వెనక్కూ ఊపింది. పండ్లు దబదబ పడ్డాయి. ఒక్కొక్కటే ఏరుకుని తిన్నది. నేను వరసగా ఫోటోలు తీశాను.

అప్పుడే గైడు నా భుజం తట్టి, గుసగుసగా చెట్టు నీడలోకి చూపించాడు. చేపలు పట్టే పెద్ద గుడ్లగూబ. దాని కోసమే కొందరు సముద్రాలు దాటి వస్తారట. “ఒక్క నిమిషం, ఈ చెట్టు ఫోటో తీసుకోనీ,” అన్నాను. నేను తిరిగేసరికి గుడ్లగూబ లేదు. ఒడ్డు చేరేదాకా గైడు నవ్వుతూనే ఉన్నాడు. ఆ రోజు జాబితా అరవై ఎనిమిది దగ్గర ఆగింది. అరవై తొమ్మిది కావలసింది.

చెట్ల కోసం వేరే పుట తెరిచి రాశాను: తాటి. మన దగ్గర: ఉంది. మరో ఆలోచన లేకుండా రాశాను.

నెల తిరక్కుండానే సెలవు మీద ఇంటికి వచ్చాను. అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న కాలం. బస్సులు లేవు. హైదరాబాదు నుంచి జీపులో పద్నాలుగు మందిమి సిరిసిల్ల దాకా వచ్చాం. అక్కడ కరెంటు లేక బట్ట నేసే సాంచాలు ఆగిపోయి, బజారు బజారంతా నిశ్శబ్దంగా ఉంది. ఊళ్లో కంప్యూటరులో చూపించే వీలుండదని, కరెంటు వచ్చిన రెండు గంటల్లో ఒక స్టూడియోలో ఫోటోలు కాగితం మీదికి తీయించాను. నలభై ఫోటోలు. తరువాత ఒక మిత్రుడి బండి మీద ఇంటికి చేరాను.

మా వదిన వాకిట్లో బీడీలు చుడుతూ ఉంది. చేట ఒళ్లో నుంచి దించకుండానే పక్కనున్న చెంబుతో నీళ్లిచ్చింది, వెంటనే సంగతిలోకి వచ్చింది.

“దసరా అయినంక చెట్లు పంచుతరట తమ్మీ. మీ అన్న ఎక్కకపోతే పద్దెనిమిది తాళ్లూ పోతయ్. ఎక్కితే నాకు పాణం పోతది. నువ్వన్న ఒక్క మాట చెప్పు.”

“ఏమని చెప్పాలె వదినా?”

“గదే నాకు తెల్వది,” అంది.

పోయిన ఏడాది అన్న తాటిచెట్టు మీది నుంచి జారి పడ్డాడు. జగిత్యాలలో ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది, లోపల ఇనుప కడ్డీ వేశారు. పద్నాలుగు నెలలుగా అతను చెట్టును ముట్టుకోలేదు. నడుస్తాడు, సైకిలు తొక్కుతాడు, బస్తాలు మోస్తాడు. చెట్టు మొదట్లో నిలబడేసరికి మాత్రం వెనక్కి తిరుగుతాడు. గీత కార్మికుల సొసైటీ కట్టుబాటు ఒకటుంది: పూర్తిగా ఒక సీజను గీయనివాడి చెట్లు వేరేవాళ్లకు పోతాయి. సొసైటీ పెద్ద మాకు పెద్దబాపు వరస. పంపకం లోపల అందరి ముందు ఒక్క తాటిచెట్టు ఎక్కి చూపిస్తే చెట్లు ఉంటాయని ఆయన చెప్పి పెట్టాడు. పంపకానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. అన్న ఆ విషయమే ఎత్తడం లేదు.

మూడో రోజు కోరుట్ల రోడ్డు మీది దీక్షా శిబిరంలో మా సొసైటీ వంతు. ఆ రోజుల్లో రోజుకో సంఘం కూర్చునేది. నిన్న టీచర్లు, రేపు చాకలి సంఘం, ఇవాళ మేము. మెడలో దండ వేసుకున్న అయిదుగురు సాయంత్రం దాకా ఏమీ తినరు. మిగిలిన వాళ్లు చుట్టూ కూర్చుంటారు. మావాళ్లు చెట్టెక్కే మోకులు, నడుముకు కట్టే ముత్తాదులు తెచ్చి టెంటు ముందు పేర్చారు. దండలు వేస్తున్నప్పుడు అన్నకు కూడా ఒకటి వేశారు.

చెట్లు ఎక్కువ కావాలని ఎప్పటినుంచో అడుగుతున్న బావ ఒకడున్నాడు. మా అన్న చెట్లు పోతే వాటిలో సగం అతనికే వస్తాయి. “ఎక్కేటోళ్లు ఆకలికి ఆగరు. నువ్వే కూసో బావా, నీకు పనేమున్నది,” అన్నాడు. అన్న నవ్వి దండ సర్దుకున్నాడు.

పదకొండు గంటలకల్లా పాటలు పాడేవాళ్లు అలిసిపోయారు, మాట్లాడేవాళ్లు అయిపోయారు. మైకు బ్యాటరీ వైరు పొద్దున నేనే సరి చేశాను. పెద్దబాపుకు నేను కనిపించాను.

“నువ్వు జంగల్ల తిరిగొచ్చినవట గద బిడ్డా. మైకు వట్టు.”

నేను నోటుపుస్తకం తెరిచి సమయం ప్రకారం చదవడం మొదలుపెట్టాను. పద్నాలుగో పక్షి దగ్గర బావ చెయ్యెత్తాడు.

“ఆగు ఆగు. గీ లెక్కన జెప్తే తెలంగాణ అచ్చేదాక జెప్తవ్. పులి సంగతి జెప్పు.”

“ఆఫ్రికాల పులులుండయ్ బావా.”

“పులి లేని జంగలేంది? గంత దూరం పోయి గూడబాతులు లెక్కవెట్టి అచ్చినవా?”

అందరూ నవ్వారు. దాంతో వరస వదిలేసి ఏనుగు తాటిచెట్టును ఊపిన సంగతి చెప్పాను. టెంటు మొత్తం ముందుకు జరిగింది. చెట్టు ఎంత లావు, ఏనుగు ఎంతసేపు ఊపింది, పచ్చి కాయ పడ్డదా, పండినదే పడ్డదా. నా దగ్గర అన్నిటికీ జవాబులున్నాయి, రాసుకున్నాను గనక. తాటి జాతి పండ్లు తినే గద్ద ఒకటుందని చెబితే మాత్రం ఎవరూ నమ్మలేదు.

“గద్ద పండు తినుడేందిరా? కోడిపిల్లలు దొరకలేదా దానికి?” పెద్దబాపు అడిగాడు.

“గద్దకు శాకాహారం, ఇంజినీరుకు కల్లు. రాసేటప్పుడు ఎన్ని లొట్లు దించినవ్?” అన్నాడు బావ.

నేను ఫోటోలు ఇచ్చాను. అవి చేతులు మారుతూ వెళ్లాయి. జిరాఫ్ దగ్గర ఎక్కువసేపు ఆగాయి. దండలు వేసుకున్న వరసలో చివర ఉన్న అన్న దగ్గరికి ఆఖరున చేరాయి. అతను పక్షులవి చకచకా తిప్పేసి, తాళ్లున్న ఒక ఫోటోను మోకాలి మీద పెట్టుకున్నాడు.

“తమ్మీ, ఇదేం చెట్టు?”

“తాడే గద అన్నా.”

“తాడు గాదు.”

“తాడే. ఆకు జూడు, కాయ జూడు.”

“మరి గీ పొట్టేంది?”

వెళ్లి చూశాను. చెట్టు కింద నుంచి సన్నబడుతూ వెళ్లి, పైన సగం దాటాక మళ్లీ లావెక్కి, మళ్లీ సన్నబడింది. కొండచిలువ గొర్రెను మింగినట్టు. మిగిలిన ఫోటోలు లాక్కుని చూశాను. పదిహేను ఫోటోల్లో ప్రతి చెట్టుకూ ఉంది. నాలుగు రోజులు వాటి కింద తిరిగాను, గుడ్లగూబను వదులుకుని మరీ ఫోటోలు తీశాను, ఒక్కసారి కూడా చూడలేదు. తాటి అనుకున్నాను గనక మన తాటినే చూశాను.

ఒప్పుకోవడానికి మనసు రాలేదు. “కెమెరా లెన్సుకు గట్ల అయితదన్నా. నడుమ ఉబ్బినట్టు కనవడతది.”

“కెమెరా చెట్టుకే పొట్ట వెట్టిందా? పక్కపొంటి జిరాఫ్‌కు పెట్టలేదు గద.”

 చెట్ల పుట తెరిచి ‘ఉంది’ అన్న మాట కొట్టేశాను.

ఫోటో మళ్లీ తిరగడం మొదలైంది. ఈసారి ఎవరూ నవ్వడం లేదు. చెట్టెక్కేవాడు మోకును చెట్టు చుట్టూ, తన వీపు చుట్టూ వేసుకుని, దానికి వాలి పైకి పోతాడు. పాదాలకు గుజి అనే చిన్న బంధం ఉంటుంది. పైకి పోయేకొద్దీ చెట్టు సన్నబడుతుంది గనక నడుమ ఎక్కడో మోకును బిగించుకుంటాడు. ఎక్కేటప్పుడు వదులు చేసుకోవలసిన అవసరం మన చెట్టు మీద ఎప్పుడూ రాదు. ఈ చెట్టు మీద వస్తుంది, అదీ రెండు చేతులూ వదలకూడని ఎత్తులో.

“రెండు మోకులు తీస్కపోవాలె. పొట్ట కింద ఒకటి, పొట్ట మీద ఒకటి,” అన్నాడు బావ.

“రెండోది కట్టేదాక నిన్నెవలు వట్టుకుంటరు, మీ అత్తనా?” అన్నాడు అన్న. అతను అంత గట్టిగా మాట్లాడి చాలా రోజులైందని పక్కనున్నవాళ్లు నవ్విన తీరు చూస్తే తెలిసింది.

“మరి నువ్వెట్ల వోతవ్?”

“మొదట్లనే పొడుగు మోకు వెయ్యాలె. మిగిలింది వీపెనుక ఒక మెలిక తిప్పి నడుముకు చెక్కాలె. పొట్ట కాడ మెలిక ఇప్పుకుంట పోవాలె. చెయ్యి వదిలేది లేదు.”

కాసేపటికి నన్ను కూడా పనిలోకి దించారు. ఫోటోలో జిరాఫ్ చెట్టు పక్కనే ఉంది. దాని ఎత్తు గైడు చెప్పగా రాసుకున్నాను. స్కేలు పెట్టి కొలిచి, పొట్ట ఎంత ఎత్తులో మొదలవుతుందో లెక్కగట్టి, అక్కడ చుట్టుకొలత దాని కింది భాగానికి ఒకటిన్నర రెట్లు అని చెప్పాను. “గిదీ లెక్క. పిట్టల కంటె గిది నయం,” అన్నాడు పెద్దబాపు.

అయిదు గంటలకు నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశారు. జై తెలంగాణ అని నినాదాలు ఇచ్చారు. మామూలుగా అయితే అప్పుడు ట్రాక్టరు ఎక్కి ఊరికి పోవాలి. మావాళ్లు మాత్రం టెంటు వెనక పొలం గట్టు మీద ఉన్న ఒక తాటిచెట్టు దగ్గరికి నడిచారు. గోనె సంచుల్లో గడ్డి కూరి, మనిషిన్నర ఎత్తులో చెట్టు చుట్టూ కట్టారు. నేను టేపు పట్టి ఒకటిన్నర రెట్లు వచ్చేదాకా సంచులు పెంచాను.

ముందు బావ ఎక్కాడు, తన పద్ధతిలో రెండు మోకులతో. సంచుల కిందికి చేరాడు. రెండో మోకును పైకి విసిరితే అది సంచి మీద నుంచి జారి అతని నెత్తి మీదే పడింది. మూడుసార్లు. చివరికి చెట్టును కౌగిలించుకుని ఆగిపోయాడు.

“దిగు బావా, ఏనుగును పిలిపిస్త, ఊపి దించుతది,” అన్నాడు అన్న.

బావ దిగాడు. చెమట తుడుచుకుంటూ, “మాటలు జెప్పుడు గాదు. నీ మెలిక పద్ధతి నువ్వే చూపియ్యి,” అన్నాడు.

అందరి చూపులూ అన్న మోకాలి మీదికి పోయాయి. బావ అన్నది ఎగతాళికే. కానీ అనేశాక అతనికీ అర్థమైంది. పెద్దబాపు వైపు తిరిగాడు. “పై దాక పోతే లెక్కకత్తది గద మామా? అందరం ఇక్కన్నే ఉన్నం,” అన్నాడు. అతను ఆ మాట అంటాడని నేను అనుకోలేదు. దాంతో పోయేది అతనికి రావలసిన చెట్లే.

“అత్తది,” అన్నాడు పెద్దబాపు.

అన్న దండ తీసి నా చేతికిచ్చాడు. పేర్చిన మోకుల్లో పొడుగుదాన్ని ఏరుకున్నాడు. రెండుసార్లు లాగి చూశాడు. నేను వద్దనాలనుకున్నాను. వదిన మాట గుర్తుంది. కానీ అతను పైకి చూస్తున్న చూపు భయపడినవాడి చూపు కాదు. ఫోటో చూసినప్పటి చూపే. ఆ మెలిక ఆడుతుందా ఆడదా అన్నదే అతనికి కావాలి. అది నాకు కూడా కావాలి. దండ పట్టుకుని పక్కకు జరిగాను.

మొదటి అడుగు కుడికాలు, రెండోది ఎడమ. ఎనిమిదో అడుగు దగ్గర సంచులు తగిలాయి. మోకుకు వాలి, ఒక భుజం కొద్దిగా తిప్పాడు. వీపు వెనక మెలిక ఒక జానెడు విప్పుకుంది. మోకు సంచుల మీదికి పాకింది. మళ్లీ భుజం, మళ్లీ జానెడు. చేతులు చెట్టును వదల్లేదు. అతను పొట్ట దాటి పైకి చేరినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మెలిక మళ్లీ ఎట్లా బిగిస్తాడో చూస్తున్నారు. బిగించాడు. ఇంకా మూడు అడుగులు వేశాడు.

అక్కడ ఆగాడు. పైన ఇంకా సగం కంటే ఎక్కువ చెట్టు ఉంది. ఎడమకాలు ఒకసారి తీసి, మళ్లీ అక్కడే పెట్టాడు. మళ్లీ తీశాడు. నేను కింద నుంచి అంకెలు లెక్కపెడుతున్నాను. నలభై దాకా వచ్చాను.

అతను దిగడం మొదలుపెట్టాడు. పొట్ట దగ్గర మెలిక మళ్లీ విప్పుకుంటూ, ఎక్కినంత శుభ్రంగా దిగాడు.

“పద్ధతి ఆడుతది,” అన్నాడు నేల మీద నిలబడి.

“ఇంకింత పోతే అయిపోతుండె గదరా,” అన్నాడు పెద్దబాపు. ఆయన గొంతులో బాధ ఉంది.

“పోతుంటి పెద్దబాపు. భయమేం లేదు. గిన్ని రోజులు భయమే అనుకున్న.” అన్న ఎడమ మోకాలిని అరచేత్తో పట్టుకున్నాడు. “ఇది రెండుసార్లు పట్టు ఇడిసింది. మీకు కనవడలే. నాకు తెలిసింది.”

 బావ సంచులు విప్పడం మొదలుపెట్టాడు.

ట్రాక్టరులో అన్న నా పక్కన కూర్చుని, ఆ సరస్సు దగ్గర ఆ చెట్లను ఎవరూ గీయరా, గీస్తే కల్లు ఏ రుచి ఉంటుందో అని అడుగుతూనే ఉన్నాడు. నాకు తెలియదన్నాను. గైడును అడగలేదు. నా పుస్తకంలో ఆ గడి లేదు.

రెండు రోజుల తరువాత పంపకం. అన్న వంతు వచ్చినప్పుడు అతనే లేచాడు.

“తాళ్లు నాకు వద్దు. వాగు మీది ఈతలియ్యుండ్రి.”

ఈతచెట్లు పొట్టివి. తాళ్లు గీసేవాడు వాటి వైపు చూడడు, తక్కువ పని కింద లెక్క. కొందరు నేల చూపులు చూశారు. పెద్దబాపు మాత్రం మారు మాట లేకుండా రాయించాడు. ఇంటికి వచ్చి చెబితే వదిన చేటలోని ఆకు కత్తిరిస్తూ, “వాగు మీద పాములుంటయ్,” అంది. కానీ ఆ పూట వంటలో కోడి ఉంది.

మరునాడు పొద్దున అన్నతో పాటు నేనూ పోయాను. పెద్దబాపు కూడా వచ్చాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఈతలు గీసినవాడు. తాటికి గెల కోస్తారు, ఈతకు మానే చెక్కాలి. ఆ కోత అన్నకు రాదు. ఇరవై ఏళ్ల పైన కత్తి పట్టిన మనిషి మొదటి చెట్టు ముందు కొత్తవాడిలా నిలబడ్డాడు. చెట్టు అతని భుజాల ఎత్తే ఉంది.

“ఎంత లోతు వోవాలె?” అని అడిగాడు.

“రూపాయి బిళ్ల మందం దాటకు. దాటితే చెట్టు చస్తది.”

అన్న కత్తి ఆనించి, ఆ మందంలో సగం కూడా లేని పొర ఒకటి తీశాడు. దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని, అవతలి వైపు కనిపిస్తోందా అని చూశాడు.